పిల్లల గది అడగొద్దు, చదువుకునే కుర్చీ అడగండి

ప్రశ్న: నేను యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాను. ఇది నాలుగో ఏడాది. మా ఆయన కూడా ఇక్కడే పీజీ చదువుతున్నారు. మాకు మూడున్నరేళ్ల పాప. క్రెష్ సాయంత్రం అయిదింటికి మూసేస్తారు, ఆదివారం ఉండదు. మొన్న పాపను వెంటబెట్టుకుని లైబ్రరీకి వెళ్తే గేటు దగ్గర ఆపేశారు. 'పిల్లలకు ప్రవేశం లేదు' అన్న బోర్డు చూపించారు. రెండు పుస్తకాలు ఇచ్చేసి ఒకటి తెచ్చుకోవాలి, పది నిమిషాల పని అన్నాను. అయితే పాపను ఇక్కడే కూర్చోబెట్టి వెళ్లమన్నారు. ఇంటికొచ్చి బాగా ఏడ్చాను. తర్వాత లైబ్రేరియన్ గారికి మెయిల్ రాస్తే ఆవిడ పిలిపించి మాట్లాడారు. "కింది అంతస్తులో పాత జిరాక్స్ గది ఖాళీగా ఉంది. పిల్లలతో వచ్చే విద్యార్థుల కోసం అక్కడ ఏం చెయ్యొచ్చో ఒక పేజీ రాసివ్వండి, కమిటీలో పెడతాను" అన్నారు. రాద్దామని కూర్చుంటే చెయ్యి ఆడటం లేదు. "లైబ్రరీని ప్లే స్కూల్ చేసేస్తారా ఏంటి?" అని మా ల్యాబ్‌లో ఒకమ్మాయి నవ్వింది. నిజంగానే నేను ఎక్కువ అడుగుతున్నానా? ఏం అడగాలి, ఎలా అడగాలి? (పేరు వేయొద్దు.)

జవాబు: మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. పాపను గేటు దగ్గర కూర్చోబెట్టి వెళ్లమన్నారన్నారు చూడండి, అక్కడ. మూడున్నరేళ్ల పిల్ల గేటు దగ్గర ఒంటరిగా ఉండటం కంటే తల్లి చెయ్యి పట్టుకుని లోపలికి రావడమే తప్పని ఒక రూలు చెప్తోందంటే, ఆ రూలు రాసినప్పుడు ఎవరూ పిల్లల గురించి ఆలోచించలేదన్నమాట. నేను కూడా ఆలోచించలేదు. చాలా ఏళ్లు లైబ్రరీ కౌంటర్ వెనక కూర్చున్నదాన్ని. చంటిపిల్లాడిని ఎత్తుకొచ్చిన ఒకమ్మాయిని నేనే రూలు చూపించి వెనక్కి పంపాను. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. గడువు దాటాక ఎవరి చేతో పుస్తకాలు పంపింది, మేం ఫైన్ కూడా వేశాం. కాబట్టి ఈ జవాబులో కాస్త పాత బాకీ తీర్చుకోవడం కూడా ఉంది.

మీరు ఎక్కువేమీ అడగడం లేదు. ఇలాంటి గదులు ఇప్పటికే చాలా యూనివర్సిటీ లైబ్రరీల్లో ఉన్నాయి. కెనడాలో టొరంటో విశ్వవిద్యాలయపు రోబార్ట్స్ లైబ్రరీలో ఉంది. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయపు మారియట్ లైబ్రరీలో, బ్రిగం యంగ్ విశ్వవిద్యాలయంలో, పోర్ట్‌లాండ్ స్టేట్‌లో ఉన్నాయి. వాటిలో ఏదీ ప్లే స్కూల్ అయిపోలేదు. మీ నోట్‌లో ఇలాంటి రెండు పేర్లు వెయ్యండి. కమిటీల్లో కూర్చునేవాళ్లకు ఏ పనైనా తామే మొదటిసారి చేస్తున్నామంటే భయం, ఇంకొకరు చేసి చూశారంటే ధైర్యం. నేనూ అలాంటి కమిటీల్లో కూర్చున్నాను కాబట్టి చెప్తున్నాను.

"అలాంటి విద్యార్థులు మన దగ్గర ఎంతమంది ఉంటారు, నలుగురా?" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అమెరికాలో 2015-16 లెక్కల ప్రకారం డిగ్రీ స్థాయి విద్యార్థుల్లో 22 శాతం, అంటే దాదాపు 38 లక్షల మంది, పిల్లల్ని పెంచుతూ చదువుతున్నవాళ్లే. అందులో సుమారు 11 లక్షల మంది తండ్రులు. 2019లో అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ ఇచ్చిన నివేదిక ప్రకారం ఇలా పిల్లలున్న విద్యార్థుల్లో సగానికి పైగా డిగ్రీ చేతికి రాకుండానే చదువు వదిలేశారు. మార్కుల్లో వాళ్లేమీ తక్కువ తినలేదు. తక్కువైంది టైమూ, కూర్చోవడానికి చోటూ, చేతిలో డబ్బూ. మీ యూనివర్సిటీ లెక్క వేరుగా ఉండొచ్చు. చాలాచోట్ల అసలు లెక్కే ఉండదు. అడ్మిషన్ ఫారంలో అమ్మానాన్నల పేర్లు అడుగుతారు గానీ నీకు పిల్లలున్నారా అని ఎవరూ అడగరు. పైగా గేటు దగ్గర బోర్డు పెట్టి ఆపేసి, లోపల కూర్చుని "ఎవరూ పిల్లలతో రావడం లేదు కదా" అనుకుంటే లెక్క సున్నాయే తేలుతుంది మరి.

ఇక నోట్ సంగతి. మీరు రాయడం మొదలుపెట్టి ఆపేసిన పేజీ నేను చూడలేదు గానీ, మొదటి వాక్యం ఊహించగలను. "పిల్లలు ఆడుకోవడానికి ఒక గది కావాలి" అనో, దానికి దగ్గరగానో రాసుంటారు. ఆ వాక్యం కొట్టేయండి. అలా రాసిన క్షణం కమిటీకి రంగురంగుల గోడలూ, బంతులూ, అరుపులూ కళ్లముందు కనిపిస్తాయి. మీ ల్యాబ్ అమ్మాయి నవ్విందీ అందుకే. మీరు అడిగేది పిల్లల గది కాదు. పిల్లలతో వచ్చిన పాఠకుడు కూర్చుని చదువుకోవడానికి ఒక కుర్చీ, ఒక బల్ల. పిల్ల ఆ పాఠకుడి వెంట ఉంటుంది, అంతే. "ఈ యూనివర్సిటీ విద్యార్థులు కొందరు తమ పిల్లలు వెంట ఉన్నందువల్ల లైబ్రరీని వాడుకోలేకపోతున్నారు, వాళ్లకు చదువుకునే చోటు కావాలి" అని మొదలుపెట్టండి. మీరు ఫీజు కట్టిన విద్యార్థి, ఐడీ కార్డు ఉంది, పుస్తకం తీసుకునే హక్కు ఉంది. దయ చూపమని అడగాల్సిన పని లేదు.

ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు ఇచ్చారు. అందులో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చెయ్యమంటుంది. ఆ సూత్రాన్ని మేమంతా క్యాటలాగుకూ, బీరువాల అమరికకూ వాడాం. పుస్తకం వెతకడంలో అయిదు నిమిషాలు మిగిల్చి గర్వపడ్డాం. మీలాంటి పాఠకురాలికి ఒక్క పుస్తకం కోసం పాపను ఎవరింట్లోనో దించి, వచ్చి, మళ్లీ వెళ్లి తెచ్చుకోవడానికి ఒక పూటంతా పోతుంది. దీన్ని మీ లైబ్రేరియన్ గారికి ఒక్క వాక్యంలో గుర్తుచెయ్యండి. ఆ సూత్రాలు ఆవిడకు కంఠతా వచ్చి ఉంటాయి, మిగతాది ఆవిడే కమిటీకి చెప్తారు.

గదిలో ఏముండాలన్న దగ్గరే నాకు చెప్పాల్సింది ఎక్కువుంది. ఎందుకంటే ఇలాంటి గదులు చాలావరకు అక్కడే పాడవుతాయి. పెద్దమనసుతోనే మొదలుపెడతారు. గోడమీద ఏనుగు బొమ్మ వేయిస్తారు, నేలమీద రంగుల మ్యాట్లు పరుస్తారు, మూలన బొమ్మల బుట్ట పెడతారు, తల్లి కూర్చోవడానికి ఒక సోఫా వేస్తారు. సోఫాలో థీసిస్ ఎవరు రాస్తారండీ? ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, మెడ వంచుకుని, ప్లగ్ పాయింట్ అందక, పక్కన పుస్తకం తెరిచి పెట్టే చోటు లేక పది నిమిషాల్లో లేచి వచ్చేస్తారు. కొన్నాళ్లకు "చూశారా, ఎవరూ వాడట్లేదు" అంటారు. అందుకే ముందు బల్ల అడగండి, బొమ్మలు తర్వాత. మిగతా రీడింగ్ రూమ్‌లో ఎలాంటి బల్ల, కుర్చీ, లైటు ఉన్నాయో అలాంటివే. ఒక కంప్యూటర్, దగ్గర్లో ప్రింటర్ ఉంటే మరీ మంచిది.

బల్ల ఎక్కడ వేస్తారన్నది దానికన్నా ముఖ్యం. గోడవైపు తిరిగి కూర్చుంటే వీపు వెనక పిల్ల ఉంటుంది. ప్రతి అర నిమిషానికీ వెనక్కి తిరగాలి, ఒక వాక్యం కూడా పూర్తికాదు. కుర్చీలోంచి తలెత్తితే చాలు పిల్లా కనిపించాలి, తలుపూ కనిపించాలి. మధ్యలో ఎత్తు బీరువా ఉండకూడదు. మూడేళ్ల పిల్లలకు దూరంగా మూలన ఆడుకునే చోటు ఇచ్చి లాభం లేదు. వాళ్లకు మీరు చేసే పనే కావాలి. మీరు రాస్తుంటే తనూ రాయాలి. మీ బల్లకు ఆనించి ఒక చిన్న బల్ల, చిన్న కుర్చీ, నాలుగు కాగితాలు, లావు క్రేయాన్లు. మీ చెయ్యి అందే దూరంలో ఉన్న పిల్ల, పది అడుగుల దూరంలో బొమ్మల మధ్య ఉన్న పిల్ల కంటే ఎక్కువసేపు కూర్చుంటుంది. నా మాట నమ్మకపోతే ఇంట్లోనే ఒకసారి చేసి చూడండి.

ఈ ఆలోచననే ఇంకొకరు బల్లలోనే ఇమిడ్చేశారు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని హెన్రికో కౌంటీలో 2019లో ఫెయిర్‌ఫీల్డ్ లైబ్రరీ కొత్త భవనం తెరిచారు. అది యూనివర్సిటీది కాదు, ఊరి పౌర గ్రంథాలయం. అందులో కంప్యూటర్ బల్లకు పక్కనే, దాన్ని అంటుకుని, చంటిపిల్లలు కూర్చుని ఆడుకునే చిన్న మెత్తటి తొట్టి లాంటిది కట్టించారు. తల్లి టైపు చేసుకుంటూ పక్కకి చూస్తే బిడ్డ అక్కడే. 2022 జనవరిలో దాని ఫొటో సోషల్ మీడియాలో చాలా తిరిగింది. ఆ ఫొటో చూసి జనం అంతగా ఎందుకు కదిలారో ఆలోచించండి. అక్కడ పెద్ద హంగేమీ లేదు. ఆ బల్ల చేసినవాళ్లకు తల్లి అక్కడికి వచ్చింది పనిచేసుకోవడానికేనని తెలుసు, అంతే.

మీ నోట్‌లో ఎనిమిదేళ్ల పిల్లల్ని కూడా మర్చిపోకండి. పిల్లలనగానే అందరికీ పాకే వయసే గుర్తొస్తుంది. స్కూలు నుంచి వచ్చి హోంవర్క్ చేసుకునే పిల్లాడికి మ్యాటూ బొమ్మలూ ఎందుకు? వాడికి మామూలు ఎత్తు బల్ల కావాలి, నాలుగు కథల పుస్తకాలు కావాలి. చాలా సాయంత్రాలు ఆ గదిలో ఎక్కువగా కనిపించేది అలాంటివాళ్లే అవుతారని నా అంచనా.

ఇక శబ్దం. కమిటీలో అసలు గొడవ దీనిమీదే జరుగుతుంది, కాబట్టి ఇక్కడ మీరు తెలుసుకుని వెళ్లాలి. ఏడ్చే పసిబిడ్డ గొంతు చెవి దగ్గర వంద డెసిబెల్స్ దాటగలదు. తరగతి గదిలో పాఠం జరిగేటప్పుడు చుట్టూ ఉండే నేపథ్య శబ్దం 35 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఈ రెండింటి మధ్య ఎంత దూరముందో చూడండి. పైగా చదువుకునేవాళ్లను ఫ్యాను హోరు అంతగా ఇబ్బంది పెట్టదు, అర్థమయ్యే మాటలు బాగా ఇబ్బంది పెడతాయి. "అమ్మా, ఇది చూడు" అని పక్క గదిలోంచి నెమ్మదిగా వినిపించినా చదివేవాళ్ల చెవి అటే పోతుంది. కాబట్టి "మా పిల్లలు గొడవ చెయ్యరండీ" అని మాట ఇవ్వకండి. ఏ తల్లీ నిలబెట్టుకోలేని మాట అది. పిల్లలు గొడవ చేస్తారు, అందుకే వేరే గది కావాలి అనండి. మీ ల్యాబ్ అమ్మాయికీ అదే చెప్పండి. నిశ్శబ్దంగా చదువుకునే హాలును కాపాడేదే ఈ గది.

శబ్దం ఆపడానికి చాలామంది గోడలకు మెత్తటి ఫోమ్ పలకలు అంటిస్తారు. దానివల్ల గదిలో ప్రతిధ్వని తగ్గుతుంది, లోపలున్నవాళ్లకు హాయిగా ఉంటుంది, నిజమే. కానీ గది దాటి బయటికి వెళ్లే శబ్దాన్ని అది పెద్దగా ఆపదు. దాన్ని ఆపేది బరువైన గోడ, సందుల్లేని తలుపు. పాత జిరాక్స్ గది అన్నారు కదా, రెండు చోట్ల చూడండి. ఒకటి, తలుపు కింద ఎంత సందు ఉందో. వేలు దూరితే ఏడుపూ దూరుతుంది. తలుపు చుట్టూ రబ్బరు బీడింగ్, అడుగున ఒక పట్టీ వేస్తే తేడా మీకే తెలుస్తుంది, ఖర్చు కూడా తక్కువ. రెండోది, ఫాల్స్ సీలింగ్ ఉంటే గోడ దాని పైదాకా, అసలు శ్లాబుదాకా వెళ్లిందా లేక సీలింగ్ దగ్గరే ఆగిపోయిందా అని. ఆగిపోతే శబ్దం గోడ మీంచి దూకి పక్క గదిలోకి దిగుతుంది. ఒక పలక ఎత్తి చూస్తే తెలిసిపోతుంది, మెయింటెనెన్స్ వాళ్లను అడగండి.

అన్నిటికంటే సులువైన పరీక్ష ఒకటుంది. మీ పాప మంచి పేచీలో ఉన్నప్పుడు ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఆ గదిలో తలుపేసి, ఒక స్పీకర్ పెట్టి, తను నిజంగా ఏడ్చేటంత గట్టిగా అది వినిపించండి. లైబ్రేరియన్ గారిని వెళ్లి దగ్గర్లోని రీడింగ్ సీటులో కూర్చోమనండి. కాగితం మీద పది వాదనలు రాసేకంటే ఆ రెండు నిమిషాలు ఎక్కువ పనిచేస్తాయి. వినిపిస్తే మాత్రం వాదించకుండా ఒప్పుకోండి, ఇంకో గది అడగండి. కింది అంతస్తులో ఉండటం మీకు కలిసొచ్చే విషయం. స్ట్రోలర్‌తో రావచ్చు, బాత్రూమ్ దగ్గర, ఏదైనా జరిగితే బయటపడటమూ సులువు.

బొమ్మల విషయం త్వరగా చెప్పేస్తాను. బ్యాటరీతో నడిచేవి ఒక్కటి కూడా వద్దు. మోత ఒక కారణం. బటన్ బ్యాటరీ మింగితే ప్రాణం మీదికి వస్తుందన్నది అంతకన్నా పెద్ద కారణం. చిన్న చిన్న అయస్కాంతాలున్నవీ వద్దు, రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మూడేళ్లలోపు పిల్లలకు గొంతులో అడ్డుపడే వస్తువుల్ని కొలవడానికి బొమ్మల ప్రమాణాల్లో 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఒక చిన్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా ఇమిడిపోయే ముక్క ఏదైనా ప్రమాదమే. పెద్ద ముక్కల చెక్క పజిళ్లు, గుడ్డ పుస్తకాలు, అట్ట పుస్తకాలు చాలు. ఎవరైనా నోట్లో పెట్టుకున్న బొమ్మను వేరే డబ్బాలో పడెయ్యాలి, కడిగాకే మళ్లీ బయటికి రావాలి. గోడకు టీవీ పెడతామని ఎవరైనా ఉదారంగా ముందుకొస్తే మర్యాదగా వద్దనండి. రెండేళ్లలోపు పిల్లలకు అసలు తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. దాని సంగతి అటుంచినా, మీ పిల్ల చూసే కార్టూన్ పక్కవాళ్ల చదువుకు అడ్డం. పరీక్ష ముందురోజు మీ ఫోన్‌లో ఇరవై నిమిషాలు, హెడ్‌ఫోన్స్‌తో చూపించారనుకోండి, అది మీ ఇష్టం, నేను అడగను.

బీరువాలన్నీ గోడకు బిగించాలి. లైబ్రరీ మనుషులకు ఇది చెప్పక్కర్లేదు గానీ, పిల్లలకు అరలు మెట్లలా కనిపిస్తాయని ఒకసారి గుర్తుచెయ్యండి. ప్లగ్ పాయింట్లకు మూతలు, కిటికీ తెరలకు వేలాడే తాళ్లు లేకుండా చూడటం. తలుపు లోపలి నుంచి తాళంతో తియ్యాల్సిన రకం కాకూడదు, అలాగని రెండేళ్ల పిల్ల తనంతట తాను తెరిచేలానూ ఉండకూడదు. పెద్దవాళ్లకు అందే ఎత్తులో, ఒక్క తిప్పుతో తెరుచుకునే పిడి అడగండి. డైపర్ మార్చే బల్ల ఆడవాళ్ల బాత్రూమ్‌లో ఒక్కచోటే పెట్టి ఊరుకుంటారు. మీ ఆయన పాపను తీసుకొచ్చిన రోజు ఆయన ఎక్కడికి వెళ్లాలి? గదిలోనే ఒక మూల పెడితే ఆ బాధ ఉండదు. పాలిచ్చే తల్లులకు కావాల్సిన చోటు వేరు, దానికి లోపలి గడియ, చాటు కావాలి. రెండూ ఒకటే గదిలో సర్దేస్తామంటే కనీసం ఒక మూల తెర ఉండేలా చూడమనండి.

ఇప్పుడు ఎవరూ ముందుగా మాట్లాడుకోని విషయం. ఇలాంటి గది చెడేది పిల్లల అల్లరి వల్ల కాదు, "కాస్త చూస్తుండండి, ఇప్పుడే వస్తా" వల్ల. ఒకరు పై అంతస్తుకి పుస్తకం కోసం వెళ్తారు, అక్కడ ఎవరో తెలిసినవాళ్లు కలుస్తారు, అరగంట అవుతుంది. ఇక్కడున్నావిడ తన పిల్లనీ, ఇంకొకరి పిల్లనీ చూస్తూ పుస్తకం మూసేస్తుంది. మర్నాడు ఆవిడ రాదు. వారంలో గది ఖాళీ. పోనీ సిబ్బంది చూస్తారా అంటే, వాళ్లు పిల్లల్ని చూసుకోవడానికి శిక్షణ పొందినవాళ్లు కారు, ఆ బాధ్యత వాళ్లమీద పెట్టకూడదు కూడా. పిల్లల్ని వదిలి వెళ్లే చోటు కావాలంటే అది క్రెష్. దానికి మనుషులు వేరు, అనుమతులు వేరు, బడ్జెట్ వేరు. రెండింటినీ కలిపి అడిగితే రెండూ రావు. మీ నోట్‌లో ఈ ముక్క మీరే ముందు రాసెయ్యండి: పిల్లతో వచ్చిన పెద్దవాళ్లు గదిలోనే ఉండాలి, బయటికి వెళ్తే పిల్లను వెంట తీసుకెళ్లాలి, జరిగే దానికి వాళ్లదే బాధ్యత. కమిటీలో లీగల్ భయం ఉన్న మనిషి ఒకరు ఎప్పుడూ ఉంటారు. ఆయన అడగకముందే జవాబు కాగితం మీద ఉంటే సగం దారి దాటినట్టే.

మరి పై అంతస్తులోని పుస్తకం ఎలా? దానికి గది చాలదు, చిన్న ఏర్పాటు కావాలి. ఆన్‌లైన్‌లో పుస్తకం అడిగితే సిబ్బంది తీసి కింద కౌంటర్‌లో పెట్టే పద్ధతి చాలా లైబ్రరీల్లో ఉంది. మీ దగ్గర ఉంటే ఈ గదికీ వర్తింపజెయ్యమనండి, లేకపోతే పెట్టమనండి. అది పిల్లలున్నవాళ్లకే కాదు, మెట్లెక్కలేనివాళ్లకూ పనికొస్తుంది. అంతేకాదు, పిల్లతో పాటు బీరువాల మధ్యకి పది నిమిషాలు వెళ్లొచ్చేందుకు కూడా అనుమతి అడగండి. గదిలో బంధించి మిగతా లైబ్రరీ అంతా మూసేస్తే అది కొత్త రకం గేటు అవుతుంది.

వేళలు స్పష్టంగా రాయండి. మీ అసలు కష్టం సాయంత్రం అయిదు తర్వాత, ఆదివారాలూ. క్రెష్ తెరిచి ఉన్న టైములోనే ఈ గదీ తెరిచి, దాంతోపాటే మూసేస్తే ఉపయోగం సగం పోయినట్టే. "లైబ్రరీ తెరిచి ఉన్నంతసేపూ" అన్న మూడు ముక్కలు చాలు. లోపలికి ఐడీ కార్డుతో వెళ్లేలా ఉంటే రోజూ తాళం చెవి కోసం ఎవరినీ బతిమాలక్కర్లేదు. నమోదు చేసుకునేటప్పుడు "నాకు పిల్లలున్నారు" అన్న ఒక్క మాట సరిపోవాలి. పెళ్లి, విడాకులు, సంరక్షణ కాగితాలూ తెమ్మంటే, ఎక్కువ అవసరమున్నవాళ్లే ముందు వెనక్కి తగ్గుతారు. తమ్ముణ్ణో చెల్లెల్నో పెంచుతున్న విద్యార్థులూ ఉంటారు.

మొత్తం ఒకేసారి అడగకండి. ఒక సెమిస్టర్ నడిపి చూద్దాం అనండి. బల్లలు రెండు, తలుపుకు బీడింగ్, చిన్న బల్ల ఒకటి, ప్లగ్ మూతలు, బోర్డు మార్పు. ఇంతే మొదటి విడత. ఒక రిజిస్టర్ పెట్టించండి: తేదీ, వచ్చిన టైమూ వెళ్లిన టైమూ, పిల్లల వయసు. పేర్లు వద్దు. ఇంకో సంగతి ముందే రాసిపెట్టుకోండి. మొదటి నెల గది దాదాపు ఖాళీగా ఉంటుంది. ఇన్నేళ్లుగా లైబ్రరీకి రాకుండా బతకడం నేర్చుకున్నవాళ్లు నోటీసు పెట్టిన మర్నాడే పరిగెత్తుకురారు. అసలు ఆ నోటీసు లైబ్రరీ లోపల పెడితే వాళ్లు చూడనే చూడరు. హాస్టళ్లలో, డిపార్ట్‌మెంట్ ఆఫీసుల్లో, క్రెష్ గోడమీద, అడ్మిషన్ల టైములో ఇచ్చే కాగితాల్లో ఉండాలి. ఫొటో వేస్తే ఒక తండ్రిదీ వెయ్యమనండి.

మీ గురించి కూడా ఒక మాట. గది వచ్చాక అందులో మూడు గంటలు కూర్చుని అధ్యాయం రాసేస్తానని ఆశపడకండి. పక్కన మూడున్నరేళ్ల పిల్ల ఉన్నప్పుడు జరిగే పని వేరు. రిఫరెన్సులు సరిచేసుకోవడం, నోట్స్ టైపు చెయ్యడం, పేజీలు స్కాన్ చేసుకోవడం, చదివింది మళ్లీ ఒకసారి చూడటం, ఇలా మధ్యలో తెగినా అతుక్కునే పనులు ఈ గదికి తీసుకెళ్లండి. తెగితే అతకని ఆలోచన పాప నిద్రపోయే టైముకో, మీ ఆయన వంతు ఉన్న పూటకో దాచుకోండి. ఆయన వంతు అంటే గుర్తొచ్చింది, ఉత్తరమంతా "నేను" అనే ఉంది. ఆయనా విద్యార్థే కదా. నోట్ కింద ఇద్దరూ సంతకం పెట్టండి. కమిటీ దీన్ని "ఆడవాళ్ల సమస్య" అనే అరలో పెట్టెయ్యకుండా ఉంటుంది, వారంలో మూడు సాయంత్రాలు పాపతో ఆ గదికి వెళ్లేది ఎవరో కూడా ఇంట్లో తేలిపోతుంది.

కమిటీ ఒప్పుకుందనుకోండి, మొదట మారాల్సింది గేటు దగ్గరి బోర్డు. 'పిల్లలతో వచ్చే విద్యార్థులు కింది అంతస్తు గదిని వాడుకోవచ్చు' అని రాయించమనండి. ఆ రోజు మిమ్మల్ని ఆపిన సెక్యూరిటీ ఆయనకూ ఈ విషయం ముందే, నోటితో చెప్పించండి. ఆయన మీద కోపం పెట్టుకోకండి, బోర్డు మీదున్నదే ఆయన చెప్పాడు. కానీ గది తెరిచిన సంగతి గేటుదాకా చేరకపోతే మళ్లీ ఇంకో తల్లి అక్కడి నుంచే వెనక్కి వెళ్తుంది.

నోట్ రాసే ముందు లైబ్రేరియన్ గారిని అడిగి ఆ గది ఒక అరగంట తెరిపించుకోండి. కొలత టేపు పట్టుకెళ్లండి, పాపనూ తీసుకెళ్లండి. మీరు నేలమీద కూర్చుని, తన ఎత్తు నుంచి గదిని చూడండి. తర్వాత చెయ్యి వదిలేసి, ఏం చేస్తుందో పక్కనే ఉండి గమనించండి. తను మొదట దేన్ని పట్టుకుని లాగుతుందో, మీ కాగితంలో మొదటి మరమ్మతు అదే.